డ్రాఫ్ట్ బల్ల దగ్గర – 4వ పాఠం: కుర్రాడి సత్తా చూడాలా, జట్టు అవసరం చూడాలా?

ముందు పోయిన పాఠం లెక్క తేల్చేద్దాం. ఐస్ హాకీ ఆటగాడు ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబరు 17న పుట్టాడు, మరి 2015 డ్రాఫ్టులో (జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే చోట) అతని పేరు ఎందుకు లేదు అని అడిగాను. ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటికి 18 నిండినవాళ్ళకే అర్హత. రెండు రోజుల తేడాతో ఏడాది ఆగాల్సి వచ్చింది. 2016లో టొరంటో మొదటి పిక్‌తో, అంటే మొదటి వంతులోనే, తీసుకుంది. ఈ వయసు సంగతి మళ్ళీ ఎందుకు ఎత్తానంటే, డ్రాఫ్టులో ఎంచుకునేది పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను, ఇవాళ్టి పాఠమంతా దాని మీదే నిలబడి ఉంది.

కొత్తగా చేరినవాళ్ళకు ఒక మాట. ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీ, లీగు అంటే ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్. 32 జట్లు, ఏటా ఒక డ్రాఫ్టు, అందులో 7 రౌండ్లు. చివర్లో నిలిచిన జట్లకు ముందు వంతు వస్తుంది, పై పిక్కులను మాత్రం లాటరీ కాస్త అటూ ఇటూ చేస్తుంది. లాటరీ వివరాలు రెండో పాఠంలో ఉన్నాయి.

ఐపీఎల్ వేలం చూసి చూసి మనకు ఒక అలవాటు పడింది. డెత్ ఓవర్లు వేసేవాడు లేకపోతే అలాంటి బౌలర్నే కొనాలంటాం. అక్కడ అది సరైన మాటే. కొన్న బౌలరు కొద్ది నెలల్లో బంతి పట్టుకుంటాడు. హాకీ డ్రాఫ్టులో అలా కుదరదు. మొదటి రెండు మూడు పిక్కుల్లో వెళ్ళే అరుదైన కుర్రాళ్ళను పక్కన పెడితే, తక్కినవాళ్ళు జూనియర్ లీగులోనో, కాలేజీలోనో, యూరప్‌లోనో ఇంకా రెండు మూడేళ్ళు ఆడాకే పై జట్టు గడప తొక్కుతారు. డిఫెన్స్ వాళ్ళకు, గోలీలకు (గోల్ కాపలా కాసేవాళ్ళకు) ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అంటే డ్రాఫ్టు రోజున మీరు చూస్తున్న ఖాళీ ఈ ఏడాదిది, కుర్రాడు వచ్చేది ఇంకో మూడేళ్ళకు. అప్పటికి ఆ ఖాళీ అక్కడే ఉంటుందా?

దీనికి 2013 డ్రాఫ్టును మించిన పాఠ్యపుస్తకం లేదు. ఆ ఏడు కొలరాడో అవలాంచ్ 30 జట్లలో 29వది. లాటరీ గెలిచి మొదటి పిక్ దక్కించుకుంది. కొలరాడోకు ఏం కావాలో స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడిని అడిగినా చెప్పేవాడు: డిఫెన్స్. సెంటర్లు (దాడి వరుసలో మధ్యన ఆడేవాళ్ళు) ముగ్గురు అప్పటికే ఉన్నారు, మ్యాట్ డుషేన్, పాల్ స్టాస్ట్నీ, రయన్ ఓ'రైలీ. ఆ ఏడాది, కుర్రాళ్ళకు ర్యాంకులిచ్చే ఎన్‌హెచ్‌ఎల్ సెంట్రల్ స్కౌటింగ్ వారి ఉత్తర అమెరికా జాబితాలో మొదటి పేరు సెత్ జోన్స్‌ది, అతనేమో డిఫెన్స్‌మన్. పైగా చిన్నప్పుడు డెన్వర్‌లోనే ఉండి హాకీ మొదలుపెట్టినవాడు. వాళ్ళ నాన్న పొపై జోన్స్ అప్పట్లో డెన్వర్ నగెట్స్‌కు బాస్కెట్‌బాల్ ఆడేవాడు. అవసరం ఉంది, పేరు ఉంది, ఊరి బంధమూ ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

కొలరాడో మాత్రం డ్రాఫ్టుకు ముందే బహిరంగంగా చెప్పేసింది, మేం నేథన్ మకినన్‌ను తీసుకుంటున్నామని. నాలుగో సెంటర్!

ఆ తర్వాత ఏం జరిగిందో తేదీలు పక్కన పెట్టుకుని చూడండి. 2014 వేసవిలో స్టాస్ట్నీ కాంట్రాక్టు ముగిసి సెయింట్ లూయిస్ వెళ్ళిపోయాడు. 2015లో ఓ'రైలీని బఫలోకు ట్రేడ్ చేశారు. 2017 నవంబరులో డుషేన్ ఆటవాకు వెళ్ళాడు. నాలుగున్నరేళ్ళలో ముగ్గురు సెంటర్లూ ఖాళీ. 2013లో ఏ స్థానంలో కిక్కిరిసి ఉన్నారని జనం వాదించారో, ఆ స్థానానికే మకినన్ లేకపోతే దిక్కు లేని పరిస్థితి వచ్చింది. మరి డిఫెన్స్ సంగతి? డుషేన్‌ను ఇచ్చినందుకు వచ్చినవాళ్ళలో సామ్ జిరార్డ్ డిఫెన్స్‌మన్. అదే ట్రేడులో వచ్చిన ఆటవా పిక్‌తో 2019లో బోవెన్ బైరమ్‌ను తీసుకున్నారు, అతనూ డిఫెన్సే. 2017లో నాలుగో పిక్‌తో కేల్ మకార్ దొరికాడు. 2022లో లీగు టైటిల్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఈ ముగ్గురూ ఆ జట్టులోనే ఉన్నారు, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ మకార్‌కు వచ్చింది. మకినన్ 2024లో లీగులో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

ఇక్కడ గమనించాల్సింది మకినన్ గొప్పవాడయ్యాడని కాదు. 2013 నాటి డిఫెన్స్ లోటు డ్రాఫ్టు బల్ల దగ్గర కాకుండా వేరే దారుల్లో తీరింది. ఎక్కువైన సెంటరే ఆ లోటు తీర్చే సరుకయ్యాడు.

అదే 2013లో జోన్స్ నాలుగో పిక్ దాకా జారాడు. అక్కడ కూర్చున్నది నాష్‌విల్. షే వెబర్, రోమన్ యోసి ఉన్న జట్టు అది. ఆ జట్టుకు దాహమంతా గోల్స్ కోసం. అయినా జోన్స్‌నే తీసుకుంది. 2016 జనవరిలో అతన్ని కొలంబస్‌కు ఇచ్చి రయన్ జోహాన్సన్‌ను తెచ్చుకుంది, ఒకరికి ఒకరు. తనకు లేని పెద్ద సెంటర్ అలా దొరికాడు. మరుసటి ఏడాదే, 2017లో, నాష్‌విల్ స్టాన్లీ కప్ ఫైనల్ ఆడింది. 2013లోనే అవసరం పేరు చెప్పి జాబితాలో జోన్స్‌కన్నా కింద ఉన్న ఫార్వర్డ్‌ను (దాడి ఆటగాడిని) తీసుకుని ఉంటే, అతన్ని చూపించి జోహాన్సన్‌ను అడగగలిగేవాళ్ళా? కొలంబస్ నవ్వేది.

సత్తా ఉన్నవాడిని ఎప్పుడైనా అవసరంలోకి మార్చుకోవచ్చు. అవసరం కోసం తీసుకున్న తక్కువ సత్తా కుర్రాడిని తిరిగి సత్తాలోకి మార్చుకోవడం దాదాపు జరగని పని. నా మటుకు ఈ వాదనంతా ఇక్కడే తేలిపోతుంది.

ఆకలి మీద బజారుకు వెళ్ళిన జట్టు మాంట్రియాల్. ఏళ్ళ తరబడి మొదటి వరుస సెంటర్ కోసం వెతుకులాట. 2017 జూన్‌లో మిఖాయిల్ సెర్గచోవ్ అనే కుర్ర డిఫెన్స్‌మన్‌ను టాంపాకు ఇచ్చి జానథన్ డ్రువాన్‌ను తెచ్చింది. వింగర్‌గా (దాడి వరుసలో పక్కన ఆడేవాడిగా) పేరున్న డ్రువాన్‌ను సెంటర్‌గా ఆడించి చూసింది, కుదర్లేదు. సెర్గచోవ్ టాంపాలో రెండు కప్పులు గెలిచాడు. 2018లో మూడో పిక్ వచ్చింది. మళ్ళీ సెంటర్ కావాలి కాబట్టి ఫిన్లాండ్ కుర్రాడు యెస్పెరి కొట్కనియెమి. నాలుగో పిక్‌లో ఆటవాకు బ్రేడీ కచుక్ దొరికాడు, ఏడో పిక్‌లో వాంకూవర్‌కు క్విన్ హ్యూస్. హ్యూస్ 2024లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు.

అవసరం మీద ఎంచుకుంటే ఇంకో నష్టం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. తొందర. కొట్కనియెమిని పద్దెనిమిదేళ్ళకే నేరుగా పై జట్టులో దించారు. ఖాళీ ఉంది కాబట్టి తీసుకున్నాం, తీసుకున్నాం కాబట్టి ఆ ఖాళీలోనే కూర్చోబెడదాం. కుర్రాడు పండాడా లేదా అని అడిగే ఓపిక ఎవరికీ మిగలదు. 2021లో కరొలైనా అతనికి ఏడాదికి 61 లక్షల డాలర్ల పైచిలుకు ఆఫర్ షీట్ (వేరే జట్టు ఆటగాడికి ఇచ్చే జీతం ప్రతిపాదన) ఇచ్చింది, మాంట్రియాల్ దానికి సరితూగే జీతం ఇవ్వకుండా వదిలేసింది. అదే రోజు డ్రాఫ్టు పిక్కులు ఇచ్చి అరిజోనా నుంచి క్రిస్టియన్ డ్వొరాక్‌ను తెచ్చింది. అతనూ సెంటరే.

ఆ 2018 డ్రాఫ్టుకు నాలుగేళ్ళ తర్వాత, 2022లో, అదే జట్టు కొత్త యాజమాన్యంతో మొదటి పిక్ పట్టుకుని కూర్చుంది. ఆ ఏడు అందరి నోటా నానిన పేరు షేన్ రైట్, సెంటర్. మాంట్రియాల్ మాత్రం స్లొవేకియా వింగర్ యురాయ్ స్లఫ్‌కొవ్‌స్కీని ఎంచుకుంది. సెంటర్ అవసరాన్ని అదే రాత్రి ట్రేడుతో చూసుకుంది, షికాగో నుంచి కర్బీ డాక్ వచ్చాడు. డాక్‌ను తర్వాత గాయాలు పీడించాయి, అది వేరే కథ. ఏ పనిని ఏ బల్ల దగ్గర చెయ్యాలో ఆ రాత్రి వాళ్ళకు స్పష్టంగా తెలుసు. మనకు కావలసింది అదే.

ఈపాటికి మీలో ఎవరో ఎడ్మంటన్ పేరు ఎత్తి ఉంటారు. ఎత్తాల్సిందే. 2010లో టేలర్ హాల్, 2011లో రయన్ న్యూజెంట్-హాప్కిన్స్, 2012లో నేల్ యాకుపోవ్, వరసగా మూడేళ్ళు మొదటి పిక్, మూడుసార్లూ ఫార్వర్డే. 2012లో మొదటి పదిమందిలో ఎనిమిదిమంది డిఫెన్స్ వాళ్ళు. ఎడ్మంటన్ డిఫెన్స్ చూస్తే జాలేసేది. యాకుపోవ్ నిలబడలేదు, 2018లో రష్యా వెళ్ళిపోయాడు. సత్తా సూత్రం చేసిన నిర్వాకం ఇదే కదా అంటారు.

కాదు. అక్కడ తప్పింది కొలత. యాకుపోవ్ సత్తాను ఎక్కువగా అంచనా వేశారు. పోనీ, అవసరం చూసి డిఫెన్స్‌మన్‌నే తీసుకున్నారనుకుందాం. ఎవరిని? అప్పటి జాబితాల్లో డిఫెన్స్‌లో ముందున్నది రయన్ మర్రీ, కొలంబస్ రెండో పిక్‌తో తీసుకుంది, గాయాలు అతని కెరీర్‌ను తినేశాయి. మంచి కెరీర్లు వచ్చిన మోర్గన్ రైలీ 5వ పిక్, హాంపస్ లిండ్‌హోమ్ 6, జేకబ్ ట్రూబా 9. ఎనిమిదో పిక్ డెరిక్ పూలియో, పదో పిక్ స్లేటర్ కుకూ, ఇద్దరూ ఆ స్థాయికి రాలేదు. 'డిఫెన్స్ కావాలి' అన్న మాట వీళ్ళలో ఎవరో చెప్పదు. అవసరం వల్ల కుర్రాళ్ళను చూసే చూపు పెరగదు, చూసే కుర్రాళ్ళ సంఖ్య తగ్గుతుందంతే.

ఎడ్మంటన్ అవసరం మాట విన్న రోజూ ఒకటుంది. 2015లో కానర్ మక్‌డేవిడ్‌ను మొదటి పిక్‌తో తీసుకున్న అదే సాయంత్రం, 16వ పిక్కూ 33వ పిక్కూ న్యూయార్క్ ఐలాండర్స్‌కు ఇచ్చి గ్రిఫిన్ రైన్‌హార్ట్‌ను కొంది. 2012లో నాలుగో పిక్‌గా వెళ్ళిన డిఫెన్స్‌మన్ ఇతను. రెగ్యులర్ సీజన్‌లో ఎడ్మంటన్ తరఫున ఆడింది 29 మ్యాచ్‌లు. ఆ 16వ పిక్‌తో ఐలాండర్స్ తీసుకున్నది మాథ్యూ బార్జల్‌ను. 2018లో ఉత్తమ కొత్త ఆటగాడి కాల్డర్ ట్రోఫీ అతనిదే.

ఇక చేతిపని. కాగితం తీసుకోండి.

ఒక డ్రాఫ్టు ఏడాదిలో మీకు తెలిసిన పాతికమంది పేర్లు రాయండి, సెంటరా డిఫెన్సా అన్నది పక్కన రాయకుండా. పైనుంచి కిందికి వరస పెట్టండి. ఇప్పుడు అసలు పని: గీతలు గీయడం. ఐదోవాడి బదులు ఆరోవాడు దొరికితే మీకు బాధ ఉందా? ఐదోవాడి కోసం ఒక రెండో రౌండు పిక్ అదనంగా వదులుకుంటారా? 'వదులుకోను' అంటే ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నట్టు. 'ఇచ్చేస్తాను' అంటే మధ్యలో గీత గీయండి. మెట్లు సమానంగా రావు, రాకూడదు కూడా. ఒక ఏడాది పై మెట్టు మీద ఒక్కడే ఉంటాడు, 2015లో మక్‌డేవిడ్ లాగా. ఇంకో ఏడాది మూడో మెట్టు మీద పదిమంది గుమిగూడతారు.

మీ వంతు వచ్చినప్పుడు సూత్రం ఒకటే: మిగిలిన పేర్లలో పై మెట్టు నుంచే ఎంచాలి. మెట్టు దిగి అవసరం కోసం చెయ్యి చాపకూడదు. ఆ మెట్టు మీద ఒక్కరికంటే ఎక్కువమంది ఉంటేనే రెండో ప్రశ్న. అప్పుడు కూడా ముందు చూడాల్సింది స్థానం విలువ. ఇది అవసరం కాదు, రెండూ కలిపేయకండి. సెంటర్ వింగ్‌లో సర్దుకోగలడు, వింగర్ సెంటర్‌గా మారడం అరుదు, డ్రువాన్ సంగతి చూశాం కదా. కుడిచేతి షాట్ కొట్టే డిఫెన్స్‌మన్లకు లీగంతటా కరువే. అలాంటివాడు ఏ జట్టుకైనా విలువైన సరుకు. ఆ తర్వాతే మీ జట్టు అవసరం. అది కూడా ఈ ఏడాది జట్టు చూసి కాదు, మూడేళ్ళ తర్వాత ఎవరి కాంట్రాక్టు మిగిలి ఉంటుందో, కింది లీగుల్లో మీ కుర్రాళ్ళు ఎవరున్నారో చూసి.

మెట్టు మీద ఐదుగురు మిగిలి, వంతు మీదే అయితే? కిందికి దిగి పిక్ అమ్ముకోండి. 2008లో ఐలాండర్స్ 5 నుంచి 7కు, 7 నుంచి 9కు దిగి, దిగిన ప్రతిసారీ అదనపు పిక్కులు పుచ్చుకుని, జాష్ బెయిలీని తీసుకుంది. అతను వాళ్ళకు వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు.

గోలీల దగ్గర ఈ లెక్క కొంత తప్పుతుంది. తర్వాత గొప్ప గోలీ అయిన హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2000లో 205వ పిక్‌గా దొరికిన ఆట ఇది. వాళ్ళ కోసం ఐదో పాఠం మొత్తం కేటాయించాను.

ఈ వారం అభ్యాసం. 2017లో ఫిలడెల్ఫియా లాటరీలో 13వ స్థానం నుంచి రెండో పిక్‌కు ఎగబాకి సెంటర్ నోలన్ పాట్రిక్‌ను తీసుకుంది. తర్వాతి మూడు పిక్కులు మీరో హైస్కనెన్, కేల్ మకార్, ఎలియాస్ పెటర్సన్. పాట్రిక్ ఎంపిక అవసరం చూసి చేసిందా, సత్తా చూసి చేసిందా? ఆ ఏడాది జూన్ నాటికి అచ్చయిన ర్యాంకింగులు మాత్రమే చూసి మెట్లు గీసి జవాబు రాయండి. ఈ నలుగురూ తర్వాత ఏమయ్యారో మీకు తెలిసే ఉంటుంది, అది వాడితే జవాబు చెల్లదు. అది పూర్తయ్యాక మీ ఊరి జట్టుకు ఇదే పని చెయ్యండి. ఫ్రిస్కోలో ఉన్నవాళ్ళు స్టార్స్, ఎడిసన్‌లో ఉన్నవాళ్ళు డెవిల్స్, బ్రాంప్టన్‌లో ఉన్నవాళ్ళు లీఫ్స్, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు మనసుకు నచ్చిన జట్టు. మూడేళ్ళ తర్వాత కాంట్రాక్టులో ఎవరు మిగులుతారో ఒక పేజీలో రాసి దగ్గర పెట్టుకోండి. ఐదో పాఠంలో ఆ పేజీతోనే మొదలుపెడతాం.