బొంత కుట్టడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: లోపలి దూదిని సిద్ధం చేసుకోవడం

పోయిన పాఠంలో పైబట్ట ముక్కలన్నీ కలిపి, కొలిచి మడత పెట్టుకున్నాం. అడుగుబట్ట కూడా ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. ఇక మూడు పొరలూ పరిచి టాకాలు వేసేద్దామని చేతులు తొందరపడతాయి. ఈ వారం మాత్రం ఆగండి. బొంత పదేళ్లు ఒంటిని కాచాలా, రెండో ఉతుకుకే లోపల ఉండలు కట్టాలా అన్నది ఈ పాఠంలోనే తేలుతుంది. పైబట్టలో కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. లోపలి పొర తప్పితే బొంతంతా విప్పాల్సిందే.

లెక్కలన్నీ ఒంటి మంచం బొంతకు చెప్తాను: వెడల్పు 60 అంగుళాలు, పొడవు 90 అంగుళాలు. లోపలి పొర పైబట్ట కంటే నాలుగు పక్కలా 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 66, 96. అడుగుబట్ట దానికంటే ఇంకాస్త పెద్దదిగా ఉండాలి. కుట్టుతూ పోతుంటే పైపొర బయటికి జరుగుతుంది, లోపలి పొర ముడుచుకుంటుంది. ఈ 3 అంగుళాలు లేకపోతే చివరి అంచులో దూది లేని ఖాళీ బట్ట మిగులుతుంది.

ఏ దూది పనికొస్తుంది

మనది పత్తి నేల. ఎనుమాముల మార్కెట్‌కైనా జమ్మికుంట యార్డుకైనా దసరా దాటితే పత్తి బండ్లు వరస కడతాయి. అట్లాంటి చోట ఉండి లోపలి పొరకు పూర్తిగా పాలిస్టర్ ఫైబర్ వేసుకోవడం నాకు నచ్చదు. ఫైబర్ తేలిక, కుంచించుకుపోదు, తొందరగా ఆరుతుంది, ఇవన్నీ నిజమే. కానీ చెమటను పీల్చదు. మన దగ్గర బొంతను డిసెంబరు, జనవరుల్లో కప్పుకొని మిగతా ఏడాదంతా మంచం మీద పరుచుకుంటాం. పరుపుగా వాడే బొంతకు పత్తి దూదే సుఖం.

చేనున్నవాళ్లు మొదటి, రెండో ఏరుడు పత్తి పక్కన పెట్టుకోండి. చివరి ఏరుడులో పింజ, అంటే దూది పోగు, బలహీనంగా ఉంటుంది, ఎండుటాకు పొట్టు ఎక్కువ. గింజ తీశాక క్వింటాల్ పత్తికి దూది 33 నుంచి 35 కిలోలే వస్తుంది. మన బొంతకు కిలో చిల్లర దూది కావాలంటే నాలుగు కిలోల పత్తి తీసిపెట్టుకోవాలి.

పాత పరుపు దూది వాడొచ్చా అని పోయిన పాఠం తర్వాత పరకాల నుంచి ఒక చెల్లె అడిగింది. వాడొచ్చమ్మా, కానీ అదొక్కటే వద్దు. ఏళ్ల తరబడి నలిగిన దూదిలో పోగులు తెగి పొట్టివైపోతాయి, ఒకదాన్నొకటి పట్టుకోవు. సగం పాతది, సగం కొత్తది కలిపి ఏకించు, అంటే పోగులు విడివిడిగా లేచేటట్టు విడదీయించు. ముక్కిన వాసన వచ్చినా, నల్ల మచ్చలు కనిపించినా ఆ దూదిని పూర్తిగా పక్కన పడెయ్.

రెండు రకాలు మాత్రం తేవద్దు. ఒకటి మందుల షాపులో దొరికే దూది చుట్ట. పత్తి పోగుకు పుట్టుకతో సన్నని మైనం పూత ఉంటుంది. ఆ పూత వల్లే దూది నీళ్లను తొందరగా పట్టుకోదు, నొక్కి వదిలితే పైకి లేస్తుంది. మందుల దూదిలో నీళ్లు పీల్చాలని ఆ మైనాన్ని ఉడికించి తీసేస్తారు. బొంతలో పెడితే మొదటి తడికే అట్ట కడుతుంది. రెండోది బూరుగు దూది. దిండుకు దాన్ని మించింది లేదు. అయితే ఆ పోగు నున్నగా, పెళుసుగా ఉంటుంది, పొరలా అల్లుకోదు. పరిచిన చోట ఉండక మూలలకు జారిపోతుంది.

ఎండ, ఏకడం

ముందు ఎండ. దూది గాలిలోని తేమను లాక్కుంటుంది. మామూలు వాతావరణంలోనే కిలో ఆరిన దూది 85 గ్రాముల దాకా తేమ పట్టి ఉంచుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. తడి దూదిని ఏకితే ఉండలు విడిపోవు, తూస్తే లెక్క తప్పు వస్తుంది. డాబా మీద పాత పంచె పరిచి, దూది చెదరగొట్టి, పైన మరో పలుచటి గుడ్డ కప్పి అంచులకు రాళ్లు పెట్టండి. రెండు పూటల మంచి ఎండ చాలు. గుప్పిట్లో నలిపి వదిలితే వెంటనే విచ్చుకోవాలి. ఈ పనికి ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పనికిరాదు. మార్చి, ఏప్రిల్ మేలు.

తర్వాత ఏకించాలి. విల్లులాంటి పనిముట్టు నారిని కట్టెతో కొట్టి ఇంటి ముందే దూది ఏకిచ్చిన దూదేకుల వాళ్ల చేతిలో ఈ విద్య తరాలుగా బతికింది. నారి అదురుకు పోగులు విడివిడిగా లేస్తాయి, ఇసుక, గింజ ముక్కలు బరువుకు కింద రాలిపోతాయి. ఇప్పుడు మిషన్ల మీద ఏకుతున్నారు. పరుపులు కుట్టే దుకాణంలో అడిగితే ఏకి ఇస్తారు. తెచ్చుకున్నాక చూడాల్సింది ఒక్కటి: పిడికెడు దూది తీసి వెలుతురుకు పట్టండి. మబ్బులా ఒకే తీరుగా కనబడితే సరే. తెల్లని చుక్కలు చుక్కలుగా ఉంటే పోగులు ముడిపడి ఉన్నాయన్నమాట. ఇంకోసారి ఏకమనండి, మొహమాటపడొద్దు.

గింజ పెంకులు మిగిలితే చేత్తో ఏరేయండి. విసుగు పుట్టించే పనే. కానీ గింజలో నూనె ఉంటుంది. తడిసినప్పుడు తెల్లటి బట్ట మీద పసుపు మరకగా బయటికి వస్తుంది, తర్వాత ఎంత ఉతికినా పోదు. పైబట్ట లేత రంగుదైతే ఇంకా ఓపికగా ఏరాలి.

ముక్కుకు గుడ్డ కట్టుకునే ఈ పని చేయండి. దూది దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. జిన్నింగు మిల్లుల్లో, నూలు మిల్లుల్లో ఏళ్లపాటు ఈ దుమ్ము పీల్చినవాళ్లకు వచ్చే జబ్బుకు బిస్సినోసిస్ అని పేరే ఉంది. మనది నాలుగు గంటల పనే అయినా పిల్లల్ని, ఆయాసం ఉన్నవాళ్లని ఆ గదిలోకి రానివ్వకండి. పొయ్యి, ఊదుబత్తి, దీపం దగ్గర్లో అసలే వద్దు.

పరచడం

మందం ఎంత? చేతి కుట్టుకు చదరపు అడుగుకు 25 గ్రాములు సరిపోతుంది. 66, 96 అంగుళాలంటే 44 చదరపు అడుగులు, మొత్తం 1,100 గ్రాములు. చలి బాగా పడే ఆదిలాబాద్ వైపు వాళ్లు 30 గ్రాముల దాకా పోవచ్చు. అంతకు మించితే సూది దిగదు, కుట్టు పెద్దదవుతుంది.

పలుచటి మల్లు బట్ట రెండు కావాలి, ఒక్కోటి పొర కొలతకు. బట్ట పన్నా (వెడల్పు) చాలకపోతే అతుకు వేసుకోండి. ఒకటి నేల మీద ముడతల్లేకుండా పరిచి, పొడవును అడుగుకొకటి చొప్పున 8 పట్టీలుగా సుద్దతో గీయండి. దూదిని తూచి 16 కుప్పలు చేయండి, ఒక్కోటి 70 గ్రాములకు కాస్త తక్కువ. పట్టీకి రెండు కుప్పలు. మొదటి కుప్ప పోగులు పొడవునా ఉండేటట్టు పరవాలి, రెండో కుప్ప దాని మీద అడ్డంగా. పొరలు ఇట్లా ఎదురెదురుగా ఉంటేనే ఏ వైపు లాగినా విడిపోవు. పట్టీకి పట్టీకి మధ్య దూదిని కత్తిరించినట్టు ఆపకండి, వేళ్లతో లాగి పక్క పట్టీలోకి రెండు వేళ్ల మేర కలపండి. అక్కడే చాలామంది బొంతలు ముందుగా పలచబడతాయి. పరిచాక సన్నటి బెత్తంతో మెల్లగా తట్టండి, అణచకండి.

రెండో మల్లు బట్ట పైన కప్పి, పొడుగు సూదితో 4 అంగుళాలకొక వరసగా పెద్ద పెద్ద టాకాలు వేయండి. దారం బిగించొద్దు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది వదులు దూది కాదు, ఎత్తి మడవగలిగే పొర. ఇద్దరు రెండు కొసలు పట్టుకొని వాకిలి వెలుతురుకు ఎదురుగా నిలబెట్టండి. వెలుగు దూసుకొచ్చే చోట దూది తక్కువ, నల్లగా కనబడేచోట ఎక్కువ. అక్కడి టాకా విప్పి సరిచేసి మళ్లీ వేయండి.

అసలు కుట్టు మాత్రం 2 అంగుళాల లోపే రావాలి. చేత్తో పరిచిన దూదిని పట్టి ఉంచేది ఆ కుట్టే. పెద్ద పెద్ద గళ్లే కావాలనుకుంటే ఈ దారి వదిలి, కింద చెప్పే రెడీమేడ్ లోపలి పొర షీటు తీసుకోండి.

షీటు తెప్పించుకున్నవాళ్లకు

బ్యాటింగ్ పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే షీటును మిషన్ సూదులతో పొడిచి అట్టలా కలిపి ఉంచుతారు. కుట్ల మధ్య ఎంత దూరం ఉండొచ్చో కవరు మీద రాసి ఉంటుంది, ముందు అది చదవండి. విప్పి ఒక రాత్రంతా మంచం మీద పరిచి ఉంచండి. మడతలు పోకపోతే నీళ్లు సన్నగా చిలకరించి చేత్తో సవరించండి. పాలిస్టర్ కలిసిన దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టొద్దు, కరుగుతుంది.

పత్తి షీటు ఉతికితే కుంచించుకుంటుంది, మామూలుగా 3 నుంచి 5 శాతం. మీదెంతో మీరే చూసుకోండి: 10 అంగుళాల చదరం కత్తిరించి, బొంతను ఎట్లా ఉతుకుతారో అట్లాగే ఉతికి, ఆరబెట్టి కొలవండి. తొమ్మిదిన్నర వచ్చిందంటే 5 శాతం. 90 అంగుళాల బొంతలో అది నాలుగున్నర అంగుళాలు! మన బట్టలు ముందే ఉతికేశాం కాబట్టి లోపలి షీటు ఒక్కటే లోపలికి లాగి పైబట్టంతా ముడతలు పడుతుంది. ఆ ముడతల అందమే కావాలనేవాళ్లు షీటును అట్లాగే వాడొచ్చు. వద్దనుకుంటే కవరు మీద ఉతకొద్దని రాసిలేదని చూసుకొని, టబ్బులో గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. పిండొద్దు, తిప్పొద్దు. తువ్వాలుతో చుట్టి నీళ్లు లాగి, నీడలో పరిచి ఆరబెట్టండి.

షీటుకు రెండు ముఖాలు. ఒకవైపు సూది దిగిన చిన్న గుంటలు, రెండోవైపు పొడుచుకొచ్చిన బుడిపెలు. గుంటల వైపు పైబట్టకు తగలాలి. మన సూదీ అదే దిక్కున దిగుతుంది కాబట్టి పోగులు పైకి నెట్టుకొని రావు.

ముక్కలు మిగిలాయా? పారేయకండి. రెండు ముక్కల అంచులు 4 అంగుళాలు ఒకదాని మీదొకటి పెట్టి, వంకర గీతగా రెండూ కలిపి కోయండి. తెగిన పేలికలు తీసేస్తే అంచులు ఒకదానికొకటి సరిగ్గా కలుస్తాయి. ఒకసారి ఈ అంచు, ఒకసారి ఆ అంచు పట్టుకుంటూ వదులుగా చేత్తో కుట్టండి. ఒకదాని మీదొకటి పెట్టి కుడితే కట్టలా లేచి వీపుకు తగులుతుంది. తిన్నగా కోస్తే ఆ గీత దగ్గరే బొంత మడతపడుతుంది.

వచ్చే పాఠానికి లోపలి పొరను మడవకుండా పీవీసీ పైపుకో గుండ్రటి కర్రకో చుట్టి ఉంచుకోండి. గుండుపిన్నులు, తెల్ల దారం, మూడు పొరలూ పట్టేటంత ఖాళీ నేల చూసి పెట్టుకోండి.