బాత్‌రూమ్ పని నేర్చుకుందాం – 4వ పాఠం: టైల్ వెనక పొర

పోయిన పాఠంలో నేలకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాటం తీశాం. ఇప్పుడు గోడల సంగతి.

టైల్స్ అతికించాక గోడకు నీళ్లు తగలవని చాలామంది నమ్మకం. చిన్న పరీక్ష చేయండి. సీలర్ (నీరు పీల్చకుండా పూసే ద్రవం) పూయని సిమెంటు గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపేది) మీద రెండు చుక్కల నీళ్లు వేసి కాసేపు చూడండి. ఆ చోటు రంగు ముదురుతుంది. అంటే నీళ్లు లోపలికి పోతున్నాయన్నమాట. రోజూ స్నానం, రోజూ కాస్త లోపలికి. గోడ అవతల పెయింటు ఉబ్బి పెచ్చులూడేదాకా మనకు తెలియదు. సిమెంటుకు బదులు రెజిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ వాడితే సరిపోదా అంటారు. గ్రౌట్ నీరు పీల్చకపోవచ్చు, కానీ మూలలో వెంట్రుకంత పగులు వచ్చినా చాలు, నీళ్లు దారి వెతుక్కుంటాయి.

కోడ్‌లు, అంటే ఇళ్ల నిర్మాణ నిబంధనలు, టైల్ ఒక్కదాన్నే నమ్ముకోకపోవడానికి కారణం ఇదే. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం షవర్ గోడకు నేల నుంచి కనీసం 6 అడుగుల ఎత్తు వరకు నీరు పీల్చని ఉపరితలం ఉండాలి. టైల్ వెనక మామూలు జిప్సమ్ బోర్డు (కాగితం అంటించిన జిప్సం పలక) కుదరదు, సిమెంట్ బోర్డు (సిమెంటుతో చేసిన పలక) లాంటిది పెట్టాలి. ఆస్ట్రేలియాలో షవర్ గోడకు చెప్పే ఎత్తు 1800 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు అంతే. ఇవన్నీ కనీసాలు. నేనైతే షవర్ హెడ్ దాటేదాకా పొర వేస్తాను. ఇంకో రెండడుగుల పూతకు పట్టేది పావుగంట. మీ ఊళ్లో అమల్లో ఉన్న నిబంధన ఏదో పని మొదలుపెట్టకముందే కనుక్కోండి.

ఇక్కడే చాలామంది తడబడతారు. సిమెంట్ బోర్డు తడిస్తే పాడవదు, అంతవరకే. నీళ్లను మాత్రం ఆపదు. ఆపే పొరను వేరుగా వేయాలి. బోర్డు వెనక షీటు పరవచ్చు, లేదా బోర్డు ముఖం మీద లిక్విడ్ మెంబ్రేన్ (ఆరాక నీళ్లను ఆపే పొరగా మారే పూత) పూయవచ్చు. ఏదో ఒకటే చేయాలి. రెండూ చేస్తే మధ్యలో చిక్కిన తేమకు ఆరే దారి ఉండదు. ఇటుక గోడైతే ప్లాస్టరు ఆరాక దాని మీదే పూత.

పూత మూలల నుంచి మొదలుపెట్టండి. లీకులు ఎక్కువగా మొదలయ్యేది గోడ, నేల కలిసేచోటే. రెండూ ఒకేలా కదలవు కాబట్టి ఆ అతుకు చీలుతుంది. బ్రష్‌తో మూలంతా దట్టంగా పూసి, అది పచ్చిగా ఉండగానే మెంబ్రేన్‌కు సరిపడే టేపును మధ్యకు మడిచి మూలలోకి ఒత్తండి. వేలితో లాగుతూ వెళితే టేపు కింద గాలి బుడగ ఉన్నచోట మెత్తగా తగులుతుంది. అక్కడ టేపు లేపి మళ్లీ పూయండి. బుడగను అలాగే వదిలేస్తే అక్కడ పొర గోడను పట్టుకోదు. తర్వాత టేపు మీద ఇంకో కోటు పూయండి.

పైపు గోడలోంచి బయటికొచ్చే చోటు కూడా ఇలాగే చూసుకోవాలి. నా మొదటి బాత్‌రూమ్‌లో గోడంతా అద్దంలా పూసి, కుళాయి పైపు చుట్టూ ఉన్న సందును మర్చిపోయాను. చెమ్మ సరిగ్గా అక్కడి నుంచే దిగింది.

మూలలు ఆరాక గోడంతా రోలర్‌తో ఒక కోటు నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయండి. ఒక కోటులో సన్నటి రంధ్రం మిగిలినా రెండోది కప్పేస్తుంది. ఎంత మందం, ఎన్ని గంటలు ఆరాలి అన్నది డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ లెక్కే పాటించండి. పలచగా పూసి డబ్బా మిగిలిందని సంతోషపడే మేస్త్రీలను చాలామందిని చూశాను. డబ్బా మిగిలిందంటే పొర చాల్లేదనే అర్థం. సబ్బు పెట్టుకునే గూడు ఉంటే దాని అడుగుకూ బయటికి కొంచెం వాటం ఇవ్వండి.

వచ్చే పాఠానికి ముందు ఇంటి పని. పనికిరాని రెండు బోర్డు ముక్కలు L ఆకారంలో బిగించి, టేపుతో సహా మూల పూయండి. పూర్తిగా ఆరాక బ్లేడుతో చిన్న ముక్క కోసి తీయండి. తేలిగ్గా ఊడి వచ్చిందంటే బోర్డు మీద దుమ్ము తుడవలేదు. టేపు గళ్లు పైకి తేలి కనిపిస్తే పూత పలచనైంది. వచ్చేసారి ట్రాప్ (నేలలో నీళ్లు బయటికి పోయే చోటు) మూసి నీళ్లు నిలబెట్టి పరీక్ష చేద్దాం. ఆ అమెరికా కోడ్ షవర్ నేల మీద 2 అంగుళాల నీళ్లు 15 నిమిషాలు నిలిస్తే చాలంటుంది. మనం మాత్రం 24 గంటలు ఉంచుదాం.