మీ బీపీ మాత్ర మీకు పడుతుందా? ఎలా చూసుకోవాలి?

ఇంట్లో ఒకరికి బ్రహ్మాండంగా పనిచేసే బీపీ మాత్ర ఇంకొకరిని ఆసుపత్రి పాలు చేయొచ్చు. తప్పు మాత్రది కాదు. వేసుకునే మనిషికి ముందే ఉన్న ఇంకో జబ్బుతోనో, ఇంకో మందుతోనో దానికి పడదు, అంతే.

ముందు స్ట్రిప్ తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని వదిలేయండి. చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు రాసుకోండి. ఒకే మాత్రలో రెండు మూడు మందులు ఉండటం మామూలే, అన్నీ రాయాలి. మాత్రలు పేరు లేని కొస నుంచి తీసుకుంటూ వస్తే ఆఖరిదాకా పేరు చిరగకుండా ఉంటుంది.

ఇప్పుడు ఆ పేర్ల తోకలు చూడండి. ఎనలాప్రిల్, రామిప్రిల్‌లా ‘ప్రిల్’ అనో, లోసార్టన్, టెల్మిసార్టన్‌లా ‘సార్టన్’ అనో ఉంటే గర్భిణులు వాడకూడదు. కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడే డాక్టరుకు చెబితే లాబెటలాల్ వంటి వేరే మందుకు మారుస్తారు. వాడుతుండగా నెల తప్పిందని తెలిస్తే తర్వాతి చెకప్ దాకా ఆగకండి, ఆ రోజే ఫోన్ చేయండి. ‘ప్రిల్’ మందుతో ఒక్కసారైనా పెదాలు, నాలుక వాచినవాళ్లు మళ్లీ ఆ రకం ముట్టుకోకూడదు. పొడి దగ్గు వేరే సంగతి. విసిగిస్తుంది కానీ ప్రాణం మీదికి రాదు, మందు మారిస్తే పోతుంది.

అటెనోలాల్, ప్రొప్రనోలాల్ లాంటి ‘ఓలాల్’ మందులు ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం తెప్పించగలవు. నాడి ముందే బాగా నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకూ మంచివి కావు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఈ మందు వల్ల తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్నే గుర్తుగా పెట్టుకోండి. వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే బీపీ మందులను ‘ఓలాల్’తో కలిపితే గుండె వేగం మరీ తగ్గిపోవచ్చు.

నీటి మాత్రల్లో (అంటే మూత్రం ఎక్కువగా పోయించేవి) హైడ్రోక్లోరోథయాజైడ్ గౌట్ అనే కీళ్ల నొప్పిని తిరగదోడవచ్చు. పెద్ద వయసువాళ్లలో సోడియం తగ్గించి మగతకు, తికమకకు దారితీయవచ్చు. ఇంకో నీటి మాత్ర స్పైరోనోలాక్టోన్ రక్తంలో పొటాషియం పెంచుతుంది, అది మరీ పెరిగితే గుండెకు ప్రమాదం. ‘ప్రిల్’, ‘సార్టన్’ కూడా అంతే. ఇవి వాడుతూ, బీపీకి మంచిదని సోడియం తక్కువ ఉప్పు కొంటారు చాలామంది. అందులో సాధారణంగా ఉండేది పొటాషియమే!

కాగితం మీద రెండో వరస కూడా ఉండాలి: బీపీతో సంబంధం లేదనుకుని మింగే మందులు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. ‘ప్రిల్’ లేదా ‘సార్టన్’, నీటి మాత్ర, నొప్పి మాత్ర ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీలకు గండం. ఎవరూ అడగరు కాబట్టి మనమే చెప్పాలి. మానసిక జబ్బుకు లిథియం అనే మందు వాడేవాళ్లు కూడా తప్పక చెప్పాలి.

లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి. నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ అంకెలు డాక్టరుకు చూపించండి.

‘ప్రిల్’, ‘సార్టన్’ మొదలుపెట్టేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్ష చేయించాలి. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో మళ్లీ చేయించాలి. రెండోది చాలామంది ఎగ్గొడతారు, అసలు విషయం బయటపడేది అక్కడే.

ఇదంతా చదివి మాత్ర మీరే ఆపేయకండి. ‘ఓలాల్’ మందులు, క్లోనిడిన్ అనే ఇంకో బీపీ మందు ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఎగబాకుతుంది, గుండెనొప్పి కూడా రావచ్చు. ముఖం, నాలుక వాస్తున్నా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ఇంకో మాత్ర వేసుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, స్ట్రిప్ చేత్తో పట్టుకుని.