ఎండలు ముదరకముందే డ్రిప్పు కొలుచుకోండి: చీనీ (బత్తాయి) తోటల వాళ్లకు జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. ఇక అక్కడి నుంచి మా అనంతపురం వైపు చీనీ తోటల్లో నీళ్ల టెన్షన్ మొదలు. పిందె కట్టే రోజుల్లో తడి తగ్గితే పిందె నిలవదు. అందుకే మార్చి రాకముందే డ్రిప్పు మొత్తం ఒకసారి చూసుకోవాలి. మోటారు వేసి, గట్టు మీద నిలబడి, చుక్క పడుతోందిలే అనుకుంటే చాలదు. కొలవాలి.

నిరుడు నేను కొలవలేదు. ముందు వరుసల్లో కొన్ని డ్రిప్పర్లు పూడుకుపోతే విసుగొచ్చి పీకేసి, రంధ్రాలు అలాగే వదిలేశాను. ఆ పాదులు నిండుగా తడుస్తుంటే సంతోషపడ్డాను కూడా. ఏప్రిల్ కల్లా చివరి వరుసల్లో ఆకు ముడుచుకుని పిందె రాలింది. తప్పు నాదే.

రంధ్రం వెడల్పు రెండింతలైతే నీళ్లు నాలుగింతలు పోతాయి. అదే ప్రెజర్ వైపు నుంచి చూస్తే, నాలుగింతలు పెంచితేగానీ నీళ్లు రెండింతలు కావు. డ్రిప్పర్ పీకిన 3 మిల్లీమీటర్ల రంధ్రం దగ్గర ఒక కేజీ ప్రెజర్ (చదరపు సెంటీమీటరుకు) నిలిచి ఉంటే గంటకు 200 లీటర్ల పైనే కారిపోతాయి. గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు యాభైకి సరిపోయే నీళ్లవి. పైగా పైపులో నీళ్లు రెండింతలు పారితే రాపిడికి పోయే ప్రెజర్ మూడింతలు దాటుతుంది. ఆ దెబ్బంతా చివరి చెట్టు మీదే పడుతుంది.

కాబట్టి డ్రిప్పర్ పీకితే వెంటనే కొత్తది పెట్టండి, లేదా రంధ్రాన్ని బిరడాతో మూసేయండి. పూడిన డ్రిప్పర్‌ను పిన్నీసుతో మాత్రం పొడవకండి. లోపల మెలికలు తిరిగిన సన్న కాలువ ఉంటుంది. ఒక్కో మలుపు దగ్గర నీళ్లు కొంత ప్రెజర్ పోగొట్టుకుంటూ చివరికి చుక్కలుగా బయటికొస్తాయి. ఆ మలుపులు చెడితే అది ఇక డ్రిప్పర్ కాదు, వట్టి చిల్లు.

కొలిచే పద్ధతి తేలికే. పాదులో చిన్న గుంత తీసి, డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి సరిగ్గా 3 నిమిషాలు పట్టండి. 4 లీటర్లదైతే 200 మిల్లీలీటర్లు రావాలి. లైను మొదట్లో, మధ్యలో, చివర్లో ఇలా పట్టి చూడండి. అన్నిచోట్లా తక్కువొస్తే ఫిల్టర్‌నో మోటారునో అనుమానించాలి. చివర్లో మాత్రమే తక్కువైతే మధ్యలో ఎక్కడో లీకు ఉన్నట్టు. అక్కడక్కడా తక్కువైతే డ్రిప్పర్లే పూడాయి.

ఫిల్టర్‌కు ముందూ వెనకా గేజీలు ఉండి తీరాలి. శుభ్రంగా ఉన్నప్పుడు రెండింటి మధ్య తేడా 0.2 కేజీ దగ్గర ఉంటుంది. 0.5కు చేరిందంటే ఫిల్టర్ జాలీ కడగాల్సిందే. ఇంకోటి, ఎరువు ఎక్కించేటప్పుడు వెంచురీ (ఎరువు నీళ్లను లైనులోకి పీల్చే గొట్టం) లాగడం కోసం మెయిన్ వాల్వ్ సగం మూస్తాం కదా, పనయ్యాక తెరవడం చాలామంది మరిచిపోతారు. ఆ వాల్వే ప్రెజర్‌ను తినేస్తుంది.

ఫ్లష్ చేసేటప్పుడు (చివర్లు విప్పి మడ్డి కడిగేటప్పుడు) ముందు మెయిన్ పైపు, తర్వాత దాన్నుంచి చీలే సబ్‌మెయిన్, ఆ తర్వాతే డ్రిప్పర్లుండే సన్న పైపులు, అంటే లేటరళ్లు. వాటి చివర్లు నాలుగైదుకు మించి ఒకేసారి విప్పొద్దు. అన్నీ విప్పితే నీళ్లకు ఊపు ఉండదు, మడ్డి కదలదు.

ఇక యాసిడ్ సంగతి. ఇక్కడ తొందర పనికిరాదు. డ్రిప్పర్ మూతి చుట్టూ తెల్లటి పొక్కు కట్టి, గోటితో గీస్తే పొడిలా రాలితే అది బోరు నీళ్ల సున్నం, యాసిడ్‌కు కరుగుతుంది. వేళ్లకు జిగటగా తగిలితే నాచు. దానికి బ్లీచింగ్ కావాలి. ఈ రెండూ ఒకే రోజు, ఒకే డ్రమ్ములో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుట్టి ప్రాణం మీదికొస్తుంది. యాసిడ్‌ను నీళ్లలో కొంచెం కొంచెంగా పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, గాలికి ఎదురుగా నిలబడకండి. పిల్లల్ని ఆ దరికి రానివ్వకండి. బోరు దగ్గర నాన్‌రిటర్న్ వాల్వ్ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే ఆ యాసిడ్ మనం తాగే నీళ్లలోకే దిగుతుంది.

ఎంత యాసిడ్ పడుతుందో ముందు ఒక బకెట్ నీళ్లలో తేల్చుకోండి. పీహెచ్ కాగితం 4 చూపించేదాకా కలిపి, ఆ లెక్కనే లైనుకు పెంచుకోండి. చివరి డ్రిప్పర్ దగ్గర కూడా కాగితం 4 చూపించాక మోటారు ఆపి, 24 గంటలు వదిలేసి, మర్నాడు లేటరళ్లన్నీ ఫ్లష్ చేయండి.

అప్పుడు మళ్లీ అదే చెట్ల కింద అదే గ్లాసు పెట్టి కొలవండి. వచ్చిన అంకెలు, తేదీ మోటారు గది గోడ మీద సుద్దతో రాసిపెట్టుకోండి. మే నెలలో ఏదైనా లైనులో చెట్లు వాడిపోతే పోల్చి చూసుకోవడానికి ఆ అంకెలే కావాలి.