టెక్సస్‌లో అడవిపందుల వేటా? రైఫిల్ ఎంచుకునే ముందు

వీసా సంగతి మొదట చూసుకోండి. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే పందుల వేటకు 2019 నుంచి టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదు. కానీ హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకుంటే సాధారణంగా ఫెడరల్ నేరమే. కాబట్టి లైసెన్సు తీసుకోండి.

ముదురు మగపంది భుజం మీద చెప్పుతోలులాంటి గట్టి పొర ఉంటుంది. .223 అనే సన్నరకం తూటా తేలిక గుండుకు గాయపడి తుప్పల్లోకి పారిపోయిందంటే పాపం, దానికి నరకమే. నా ఓటు .308 తూటాకే, 150 గ్రెయిన్ల (గుండు బరువుకు కొలమానం) గుండుతో. పేల్చినప్పుడు మీ భుజానికి తగిలే తన్ను తట్టుకోలేకపోతే 6.5 క్రీడ్‌మూర్ తూటా.

బ్యారెల్ మీద చెక్కిన పేరు, తూటా అడుగున ఉన్న పేరు ఒకటేనా? ప్రతిసారీ చదవండి. .300 బ్లాకౌట్ తూటా .223 మ్యాగజైన్‌లో చక్కగా పడుతుంది, ఆ .223 రైఫిల్లో పేలిస్తే రైఫిలే బద్దలైపోవచ్చు. రెండూ ఒకే సంచిలో వద్దు.

పంది వెనక గుండును ఆపే మట్టిగట్టు లేకపోతే ట్రిగ్గర్ జోలికే పోవద్దు.