పాత ఆబ్జెక్టివ్ మీ మైక్రోస్కోప్‌కు పడుతుందా?

1839లో లండన్‌లో పుట్టి, 1866లో రాయల్ చార్టర్ పొందిన మైక్రోస్కోపికల్ సొసైటీ చేసిన గొప్ప మేలు, ఆబ్జెక్టివ్‌ను (నమూనా వైపు ఉండే కటకాన్ని) మైక్రోస్కోప్‌కు బిగించే త్రెడ్‌ను, అంటే మరను, ఖాయం చేయడం. అంతకుముందు ఎవరి మర వారిదే. ఆర్ఎంఎస్ (రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ) త్రెడ్ అనేది దీన్నే: వ్యాసం 0.8 అంగుళం (20.32 మి.మీ.), అంగుళానికి 36 చుట్లు, మర గాడి కోణం 55 డిగ్రీలు.

ముందుగా వెర్నియర్ కాలిపర్స్‌తో ఆబ్జెక్టివ్ మర బయటి వ్యాసం కొలవండి. 20 మి.మీ. పైచిలుకు వస్తే సరే. 25 వస్తే అది వేరే రకం, అడాప్టర్ కావాలి.

బిగించేటప్పుడు మొదట వెనక్కి తిప్పండి. చిన్నగా ‘టిక్’ మన్నచోట ఆగి, రెండు వేళ్లతోనే ముందుకు తిప్పండి. ఒకటి రెండు చుట్లకే బిగుసుకుంటే బలం చూపకండి. ఆర్ఎంఎస్ చుట్ల మధ్య దూరం సుమారు 0.706 మి.మీ.; 0.75 మెట్రిక్ మర మొదట్లో ఎక్కినట్టే ఎక్కి, ఇత్తడిని కోసేస్తుంది. నోజ్‌పీస్ (ఆబ్జెక్టివ్‌లు బిగించే తిరిగే భాగం) పాడైతే బాగుచేయడం కష్టం.

మర కలిసినంత మాత్రాన బొమ్మ కుదరదు. ఆబ్జెక్టివ్ ఒంటిమీద ‘160’ ఉంటే ట్యూబ్ పొడవు 160 మి.మీ. అని అర్థం, ఇన్ఫినిటీ మైక్రోస్కోప్‌లో (ఆబ్జెక్టివ్ నుంచి కిరణాలు సమాంతరంగా వచ్చే రకంలో) పెడితే బొమ్మ మసకబారుతుంది. పక్కనే ‘0.17’ ఉంటే అన్ని మి.మీ. మందం కవర్‌స్లిప్ (నమూనాపై కప్పే పలుచటి గాజు) తప్పనిసరి, ముఖ్యంగా 40ఎక్స్‌కు (40 రెట్లు పెద్దది చేసే ఆబ్జెక్టివ్‌కు). పొట్టి ఆబ్జెక్టివ్ నుంచి పొడుగుదానికి తిప్పేముందు స్టేజ్ (స్లైడ్ పెట్టే పీట) దించండి, లేకుంటే స్లైడ్ పగులుతుంది.