చెన్నైలో పిల్లలతో కలిసి గాలం వేయడం ఎలా?

మా తాతది సూళ్లూరుపేట దగ్గర పల్లె. ఆయన కౌజుపిట్టలకు ఉచ్చులు పన్నిన కథలు, కుందేళ్ల వెంట పరిగెత్తిన కథలు వింటూ పెరిగాం. ఆ వేట ఇప్పుడు కుదరదు, కుదరకూడదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో మా పిల్లల చేతికి ఇవ్వగలిగింది గాలం ఒక్కటే. తమ్ముడి పిల్లలు, పక్క ఫ్లాట్ స్నేహితులు, మేము కలిసి చలికాలం ఆదివారాల్లో చెన్నైకి దక్షిణాన ఉన్న ముట్టుకాడు వెళ్తుంటాం.

ముందు చోటు సంగతి. కూవం, అడయారు నదుల్లో మురుగు కలుస్తోంది, అక్కడ పట్టింది తినొద్దు. ఎన్నూరు క్రీక్‌లో 2023 డిసెంబర్ వరదలప్పుడు చమురు కలిసింది. నేనైతే పిల్లల్ని అటు తీసుకెళ్లను. పులికాట్ కూడా వద్దు: అది పక్షుల అభయారణ్యం, పైగా అక్కడ పడవ ఎక్కాలని పిల్లలు మారాం చేస్తారు. 2011 డిసెంబర్ 25న అక్కడ విహారానికి వెళ్లిన పడవ మునిగి 20 మందికి పైగా పోయారు. పిల్లలతో గట్టు మీద నుంచే, అదీ లోతు లేని చోటే. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో, బోటింగ్‌కు దూరంగా, అక్కడి కుప్పం (జాలర్ల పల్లె) వాళ్లను అడిగి కూర్చోండి. తమిళంలో "అన్నా, ఇంగ తూండిల్ పోడలామా?" (అన్నా, ఇక్కడ గాలం వేయొచ్చా?) అంటే చాలు. వాళ్ల వలలు ఎక్కడున్నాయో, అడుగున ఎక్కడ బురదో వాళ్లే చెబుతారు. వద్దంటే ఇంకో చోటు చూసుకోండి, అది వాళ్ల బతుకుతెరువు.

రాడ్డు, రీలు కొనొద్దు. నలుగురు పిల్లలున్న చోట రీలుతో దూరం విసిరితే గాలం ఎవరి చెవికో తగులుతుంది. మనిషికో సన్నని వెదురు కర్ర చాలు. కర్ర ఎంత పొడవుంటే తంగూసు (నైలాన్ దారం) అంతే కట్టండి. 10 లేదా 12 నంబరు గాలం తీసుకోండి (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది). గాలానికి జానెడు పైన చిన్న సీసం గుండు, ఆ పైన బెండు. మా తాత నెమలి ఈక ఈనె కట్టేవాడు, బెండు ముక్కయినా అంతే బాగా తేలుతుంది.

ముడి దగ్గర తొందరపడకండి, చేప తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే. తంగూసు కొసను గాలం కంట్లో దూర్చి, అదే తంగూసు చుట్టూ ఐదారు మెలికలు తిప్పండి. కొసను కంటి పక్కనే మిగిలిన సందులోంచి తీసి, ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించండి. పొడిగా లాగితే రాపిడికి తంగూసు బలం పోతుంది. ఇంకో పని తప్పకుండా చేయండి: గాలం మొన వెనక వైపు తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి. నిరుడు మా చిన్నాడి వేలికి గాలం గుచ్చుకుంటే తేలిగ్గా వచ్చేసింది, అందుకు కారణం ఇదే. ముల్లుతో సహా దిగితే మీరు లాగకండి, డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

ఎరకు పచ్చిరొయ్య ముక్కలు, లేదా గోధుమపిండి ముద్ద. పిండిలో కాస్త దూది కలిపి పిసికితే నీళ్లలో త్వరగా కరగదు.

వేకువనే బయల్దేరండి. పోటు ఎక్కే సమయం ముందురోజే ఫోన్‌లో చూసుకోండి. నీళ్లు లోపలికి వస్తుంటే చేప గట్టు దగ్గరికి మేతకొస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వానలు, మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) దగ్గర ప్రవాహం ఎక్కువ, ఆ నెలల్లో వద్దు. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి.

బెండు వణికినంతసేపు కదలొద్దని పిల్లలకు చెప్పండి, అప్పుడు చేప రుచి చూస్తోందంతే. బెండు పక్కకు జారినా, మునిగినా మణికట్టుతో చిన్నగా ఎత్తాలి. ఈ ఒక్క క్షణం నేర్చుకోవడానికి మా పాపకు మూడు ఆదివారాలు పట్టింది. దాని చేతిలోంచి కర్ర లాక్కుని చూపించాలని ఎంత అనిపించినా ఆగాను. అరచేతంత జిలేబీ చేప (తిలాపియా) పైకి లేచినప్పుడు పాప వేసిన కేకకు గట్టు మీద వాళ్లంతా తిరిగి చూశారు.

పడ్డ చేపను వెంటనే పట్టుకోనివ్వకండి. మీసాలున్న జెల్ల ముల్లు గుచ్చుకుంటే విపరీతమైన నొప్పి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ముంచి ఉంచితే తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టర్‌కు చూపించండి. బంతిలా ఉబ్బే చేప వస్తే నీళ్లలో వదిలేయండి. దాని విషం ఉడికించినా పోదు. వేలెడంత పిల్ల చేపల్నీ వదిలేయాలి.

ఇంటికొచ్చాక రాళ్లుప్పుతో రుద్ది కడిగి, ఎవరు ఎన్ని పట్టారన్నది లెక్క లేకుండా సమానంగా పోగులు వేస్తాం. ఒకరు గోడ వైపు తిరిగి నిలబడతారు. ఇంకొకరు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరిది?" అంటే, చూడకుండా ఒక పేరు చెప్పాలి. పోయినసారి ఒక్క చేప కూడా పడని మా తమ్ముడి కొడుక్కి పెద్ద కత్తిపరిగె ఉన్న పోగు వచ్చింది. మామిడికాయ వేసి పులుసు పెట్టమని వాడే అడిగాడు.